ముందుకి జరగండి బాబూ

కొవ్వూరులో ఇప్పుడు ఏ పిల్లాణ్ణయినా పిలిచి గుర్రపుడెక్క అంటే ఏంట్రా అని అడిగితే కాలవ వైపు చెయ్యి చూపిస్తాడు. ఊదారంగు పూలతో నీళ్ళు కనపడకుండా కమ్మేసే మొక్క అది. ఆకు గుర్రం గిట్టలా గుండ్రంగా ఉంటుందని మనవాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. అసలు డెక్కని చేత్తో పట్టుకున్నవాళ్ళు ఊళ్ళో ఏ నలుగురో ఉంటారు. వాళ్ళలో నేనొకణ్ణి.

మా తాత కొవ్వూరు రైల్వేస్టేషను దగ్గర జట్కా తోలేవాడు. నేను 1957లో పుట్టాను. బడికి పోకముందే నాకు పనొకటి ఉండేది. తెల్లారగట్ల మా ఎర్ర గోడిగ గౌరి కాలు మడిచి ఎత్తితే, వెదురుపుల్లతో గిట్ట అడుగున ఇరుక్కున్న మట్టీ గులకరాళ్ళూ గీకి తియ్యాలి. గోడిగ అంటే ఆడగుర్రం. ఆ మాట కూడా ఇప్పుడు నిఘంటువుల్లోనే ఉంది.

మా ఊరు గిట్టల ఊరే. గౌతమ మహర్షి మాయగోవు కథ తెలియనివాళ్ళు ఇక్కడ లేరు. ఆ ఆవు అడుగు పడిన చోటు గనక గోష్పాద క్షేత్రం అయిందనీ, గోవూరే కొవ్వూరు అయిందనీ పెద్దలు చెబుతారు. ఆవు గిట్టకి రేవు కట్టి, పన్నెండేళ్ళకోసారి పుష్కరాలు చేసుకునే ఊళ్ళో గుర్రపు గిట్టకీ, జబ్బకీ, వెన్నుకీ ఒక వైద్యం ఉండేది. అది కాగితం మీద లేదు, కొందరి చేతుల్లో ఉండేది. ఆ చేతులు పోయాయి. నాకు గుర్తున్నంతవరకైనా రాసిపెట్టాలని ఈ పని పెట్టుకున్నాను.

ఇంతకీ కొవ్వూరుకి జట్కాలతో పనేమిటి? కారణం గోదావరే. 1900లో తయారైన హేవలాక్ వంతెన రైళ్ళకే గానీ బండ్లకి కాదు. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చేదాకా రాజమండ్రి వెళ్ళాలంటే రైలెక్కాలి, లేదా రేవుకి వెళ్ళి లాంచీ ఎక్కాలి. స్టేషనుకీ రేవుకీ మధ్య, గోష్పాదానికీ ఏటిగట్టు మీది ఊళ్ళకీ మధ్య మనుషుల్నీ మూటల్నీ చేరవేసింది జట్కాలు. నది ఉన్నంతకాలం మాకు కూడు ఉంటుందని తాత అంటూ ఉండేవాడు. నది ఉంది. దాని మీద రోడ్డు పడుతుందని ఆయన అనుకోలేదు.

1967 పుష్కరాలప్పుడు నాకు పదేళ్ళు. బండి వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ స్టేషనుకీ రేవుకీ తిరిగాను. ఆ పన్నెండు రోజుల్లోనే తాత వైద్యం ఎక్కడ మొదలవుతుందో నాకు అర్థమైంది.

జట్కాకి రెండే చక్రాలు. గుర్రం రెండు నొగల మధ్య ఉంటుంది. జనం వెనక నుంచి ఎక్కి, కింద పరిచిన ఎండుగడ్డి మీద, గోనెపట్టా మీద కాళ్ళు ముడుచుకుని కూచుంటారు. తాత వాళ్ళు ఎక్కగానే బండి కదిలించేవాడు కాదు. గుర్రం పక్కకి వచ్చి, నొగ కింద రెండు వేళ్ళు పెట్టి పైకి ఎత్తి చూసేవాడు. రెండు వేళ్ళకి తేలిగ్గా లేచిందా, సరే. వెనక బరువెక్కువైతే నొగలు పైకి పోతాయి, పొట్ట కింది పట్టీ గుర్రాన్ని పైకి గుంజుతుంది, ఊపిరి సరిగ్గా ఆడదు. ముందు బరువెక్కువైతే నొగలు దాని వీపు మీద కూచుంటాయి. రెండింట్లో ఏదైనా సాయంత్రానికి గుర్రం నడుములోనో జబ్బలోనో నొప్పయి తేలుతుంది. అందుకే ఆయన వెనక్కి వచ్చి చెప్పేవాడు: "కాస్త ముందుకి జరగండి బాబూ. అమ్మగారూ, ఆ మూట ఒళ్ళో పెట్టుకోండమ్మా." ముందుకి జరిగాక మళ్ళీ వేళ్ళు పెట్టేవాడు. "ఆయ్, చాలండి."

ముందుకి జరగండి, వెనక్కి జరగండి అనే జట్కావాడి మాట మన సినిమాల్లోనూ కథల్లోనూ నవ్వులకి పనికొచ్చింది. నవ్విన వాళ్ళని ఏమీ అనను. ఆ మాట వెనక రెండు వేళ్ళున్నాయని, ఆ వేళ్ళ చివర ఒక ప్రాణి వెన్నెముక ఉందని మాత్రం చెప్పాలనిపిస్తుంది. "తెచ్చిపెట్టుకున్న నొప్పికి నూనె రాయడం వైద్యం కాదురా, నొప్పి తేకపోవడం వైద్యం," అనేవాడు తాత. నూనె ఆయనా రాసేవాడు. అది తరవాత సంగతి.

చీకటి ఉండగానే గౌరిని ఏటికి తోలుకెళ్ళేవాళ్ళం. జనం మునిగే మెట్ల దగ్గరికి కాదు, కిందికి, ఇసుక తిన్నె దగ్గరికి. దాన్ని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టి తాత చుట్ట వెలిగించేవాడు. చుట్ట అయ్యేదాకా అది నీళ్ళలోనే. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఉన్నదల్లా ఎముక, దాని వెనక తాళ్ళలా బిగిసిన నరాలు, పైన తోలు. మనం వాడుకలో నరాలంటాం గానీ అవి కండని ఎముకకి కట్టే స్నాయువులు. రాతిరోడ్డు మీద పరిగెత్తి పరిగెత్తి అవి వేడెక్కి ఉబ్బుతాయి. చన్నీళ్ళు ఆ వాపు తీస్తాయి. ఉబ్బిన కాలికి చన్నీళ్ళు కొట్టమని ఇప్పటి గుర్రపు డాక్టర్లూ మొట్టమొదట చెబుతారు. తాతకి గోదావరే ఆసుపత్రి.

ఒడ్డుకి వచ్చాక మాలీషు. ముందు గొరపంతో ఎండిన మట్టి రాల్చేవాడు. గొరపం అంటే గుర్రం ఒళ్ళు గోకే ఇనప పళ్ళ దువ్వెన. ఎముక పైకి తేలిన చోట దాన్ని తగలనిచ్చేవాడు కాదు. ఆ తరవాత ఎండుగడ్డిని తాడులా పేని, మడిచి, చేతికి సరిపడా చుట్ట చేసి కొంచెం తడిపి, దాంతో కండ ఉన్న చోట దబ్‌మని కొట్టి వెనక్కి లాగేవాడు. మెడ, జబ్బ, తుంటి. కొట్టినప్పుడు కండ బిగుస్తుంది, లాగినప్పుడు వదులుతుంది. ఒక్కో పక్క నలభై యాభై దెబ్బలు. చివరికి అరచెయ్యి. నిజమైన పని అక్కడుంది.

జబ్బ మీద ఆయన చెయ్యి నడిచే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. జూలు ముగిసి వీపు మొదలయ్యే మిట్ట దగ్గర మొదలుపెట్టి, జబ్బ ఎముక అంచు వెంబడి బొటనవేలితో ఒత్తుకుంటూ కిందికి వచ్చేవాడు. ఎక్కడైనా గౌరి చర్మం ఈగ వాలినట్టు అదిరితే అక్కడ ఆగిపోయేవాడు. ఒత్తిడి పెంచేవాడు కాదు. అరచెయ్యి అక్కడే ఆనించి, తన ఊపిరి నిదానం చేసుకుని నిలబడేవాడు. కాసేపటికి దాని కింది పెదవి వేలాడిపోయేది, తల దిగేది, ఒక కాలు కాస్త మడిచి బరువు పక్కకి వేసేది. అప్పుడొక పెద్ద ఆవలింత. గుర్రం ఆవలించడం చూడనివాళ్ళకి ఎలా చెప్పను? కళ్ళు తేలేసి, నోరంతా తెరిచి, పళ్ళన్నీ బయటపెట్టి రెండు మూడుసార్లు వరసగా ఆవలిస్తుంది. "వదిలింది," అనేవాడు తాత. ఆ తరవాత మళ్ళీ ఒత్తితే ఆ చోట అదురు ఉండేది కాదు.

"జబ్బ బాగుంటే బండి బాగుంటుంది," అనేది ఆయన మాట. పెద్దయ్యాక పశువైద్యశాఖలో చేరి బొమ్మల్లో గుర్రం ఎముకలు చూసినప్పుడు ఆ మాటకి అర్థం దొరికింది. మనిషికి ఉన్న మెడపట్టె ఎముక గుర్రానికి లేదు. ముందుకాళ్ళు రెండూ ఒంటికి కీలుతో అతికి ఉండవు, కండల ఉయ్యాలలో ఒళ్ళు వేలాడుతుంది. గుర్రం బరువులో సగానికి పైగా ఆ ముందుకాళ్ళ మీదే. ఆ ఉయ్యాల బిగుసుకుంటే ఇక అడుగు సాగదు.

జబ్బ పట్టేసిన రోజు నువ్వులనూనె వేడిచేసి కర్పూరం కలిపేవారు. కీలు వాస్తే వావిలాకు దంచి ఆముదంలో వెచ్చచేసి పట్టు వేసేవారు, లేదా ఉప్పు మూటతో కాపడం. పట్టీ ఒరుసుకుని పుండు పడితే పటికనీళ్ళు, పసుపు. ఇవన్నీ నాయనమ్మ చేతి మందులు. మనుషుల వంటకీ గుర్రం మందుకీ ఆవిడకి ఒకటే పొయ్యి. ఉలవలు కూడా అంతే. ఉడికిన గింజలు గౌరికి, ఆ నీళ్ళు కాచి తిరగమోత పెడితే మాకు చారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో మీగడ వేసుకుని తినే ఉలవచారు పశువుల దాణా కుండలోంచి వచ్చిందని చెబితే మా మనవలు నమ్మరు.

ఈ విద్య తాతకి ఎక్కడిది? ఆయన్ని అడిగితే నాల్‌బందు సాయిబుని చూపించేవాడు. స్టేషను వెనక వేపచెట్టు కింద లాడాలు కొట్టే పెద్దాయన ఆయన. నేను సాయిబు తాత అనేవాణ్ణి. ఆయన్ని అడిగితే వాళ్ళ నాన్న పేరు చెప్పేవాడు. అక్కడితో దారి తెగిపోయేది. నేను పుస్తకాలు పట్టుకుంది ఆ తెగిన చోటు నుంచే.

మాటలే కొంత దారి చూపించాయి. మాలీషు అంటే పారశీకంలో రుద్దడం. నాల్ అంటే అరబ్బీలో చెప్పు, నాల్‌బంద్ అంటే ఆ చెప్పు కట్టేవాడు. జీను, లగాము, రికాబు, సైసు అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. మన కావ్యాల్లో గుర్రాన్ని తేజి అంటారు, అదీ అరబ్బు గుర్రాన్ని పారశీకులు తాజీ అనే మాటలోంచి వచ్చింది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి సముద్రాల మీద వ్యాపారం చేసినవాడు. ఆయన సింహళం నుంచి ఏనుగుల్నీ హురుముంజి నుంచి గుర్రాల్నీ తెప్పించాడని శ్రీనాథుడే వర్ణించాడు. హురుముంజి అంటే పారశీక సింధుశాఖ దగ్గరి హోర్ముజ్. ఆ శ్రీనాథుడే తరవాత మా ఎదుటి ఒడ్డున రాజమహేంద్రవరంలో రెడ్డిరాజుల కొలువులో ఉండి కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు.

గుర్రాలు ఓడల్లో వచ్చాయి సరే, చూసుకునే చేతులో? 13వ శతాబ్దం చివర తమిళ తీరం చూసిన మార్కో పోలో, అక్కడ ఏటా దిగే వేల గుర్రాల్లో చాలావరకు ఏడాది తిరక్కుండానే పోతున్నాయని రాశాడు. గుర్రం వైద్యం తెలిసినవాళ్ళు అక్కడ లేరనీ, అమ్మేవాళ్ళు వాళ్ళని వెంట తీసుకురారనీ, గుర్రాలు చస్తేనే మళ్ళీ బేరం ఉంటుందనీ ఆయన అన్నాడు. ఈ మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అలాగని మనకి విద్యే లేదనడం తప్పు. శాలిహోత్రుడి పేరున అశ్వశాస్త్రం ఎంత పాతదంటే, గుర్రపు వైద్యుణ్ణి ఉత్తరాదిలో సాలోత్రి అనడం ఆయన పేరు నుంచే వచ్చింది. దొరల కాలంలో అశ్వదళాల్లో కూడా ఆ పేరుతోనే దేశీ వైద్యులు ఉండేవారు. నకులుడి పేరున ఇంకొక అశ్వశాస్త్రం ఉంది. విరాటుడి కొలువులో దామగ్రంథిగా గుర్రాలు చూసింది ఆయనే కదా. మన తెలుగులో 15వ శతాబ్దంలో మనుమంచి భట్టు హయలక్షణవిలాసం రాశాడు. వీటన్నిటికంటే నాకు ఇష్టమైన మాట నలోపాఖ్యానంలోది, అశ్వహృదయం. బాహుకుడై తిరిగిన నలుడికి తెలిసిన విద్య పేరది. దాన్నిచ్చి ఋతుపర్ణుడి దగ్గర పాచికల మర్మం నేర్చుకుంటాడు. రాజరాజనరేంద్రుడి కొలువులో ఆ కథని నన్నయ తెలుగు చేసింది మా ఊరి నుంచి చూస్తే కనిపించే ఒడ్డున.

అయితే శాస్త్రాలు రాజుల గుర్రాలకి. సుళ్ళు ఎక్కడుంటే శుభం, ఏ రంగు యుద్ధానికి పనికొస్తుంది అనేవి వాటిలో ఎన్నో పుటలు. జట్కా గుర్రానికి సుడి ఎక్కడుంటేనేం? మన తట్టుగుర్రాల విద్య సేవకుల్లో బతికింది. మద్రాసు వైపు దొరలు సైసు అనకుండా హార్స్‌కీపర్ అనేవారు, మనవాళ్ళు గుర్రపువాడు అన్నారు. ఒక్కో దొర గుర్రానికి ఒక గుర్రపువాడు, గడ్డి కోసేందుకు ఇంకొకరు. వాళ్ళ చేతుల్లోంచి, రాజుల సేనల నుంచి చెదిరిన సాయిబుల చేతుల్లోంచి జట్కావాళ్ళ చేతుల్లోకి ఈ మాలీషు వచ్చిందని నా నమ్మకం. కాగితం చూపించమంటే చూపించలేను. సాయిబు తాత నోట్లోని మాటలే నా కాగితం.

మా గోదావరి డెల్టా గుర్రాల నేల కాదు. ఎద్దుకీ గేదెకీ పడవకీ అమరిన నేల. ఇక్కడ వానాకాలం నాలుగు నెలలూ గిట్ట తడిలోనే ఉంటుంది. అడుగున త్రికోణంలా ఉండే మెత్తటి భాగం నల్లబడి కుళ్ళి కంపు కొడుతుంది. దానికి మైలుతుత్తం నీళ్ళు, ఆరాక వేపనూనె. జోరీగలు కుట్టి సర్రా జబ్బు వస్తుంది. గుర్రం తింటూనే చిక్కిపోతుంది, జ్వరం వచ్చిపోతూ ఉంటుంది. ఆ జబ్బుకి కారణమైన సూక్ష్మజీవిని 1880లో పంజాబులో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు కనిపెట్టాడు. మాలీషు దానికేమీ చెయ్యలేదు. ఇంకొకటి తవుడు. ధాన్యం ఊళ్ళలో తవుడు చవక, జట్కావాళ్ళు బుట్టలకొద్దీ పెట్టేవారు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. అదే మేతగా పెడితే గుర్రం తన ఎముకల్లోని సున్నం కరిగించుకుంటుంది, దవడలు ఉబ్బుతాయి, కాళ్ళు బలహీనమవుతాయి. మంచి చేస్తున్నామనుకుంటూ ఎన్ని గుర్రాల్ని కుంటివాటిని చేశామో. ఏటిగట్టు మీది గరిక కోసి వేస్తే సరిపోయేది.

తాత విద్యలో తప్పులు లేవని నేననను. గౌరి వెనకకాలి కీలు వాచి ఎంతకీ తగ్గకపోతే ఒకసారి వాతలు పెట్టించాడు. ఎర్రగా కాల్చిన కడ్డీతో మూడు గీతలు. నేను పశువుల కొట్టం గోడ పక్క చెవులు మూసుకుని కూచున్నాను. అప్పుడందరూ చేసేదే అది. ఒక్క మన దగ్గరే కాదు, ఇంగ్లండులోనూ పందెపు గుర్రాలకి పెట్టేవారు. 1980ల మొదట్లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాతలు పెట్టిన కాళ్ళనీ పెట్టని కాళ్ళనీ పోల్చి చూసి, వాటివల్ల ఏ లాభమూ లేదని తేల్చారు. తగ్గిందనిపించినా అది వాతల వల్ల కాదు, ఆ నొప్పికి గుర్రం నెలల తరబడి పనిలేకుండా నిలబడినందువల్ల. తాత అది తెలియకుండానే పోయాడు. కానీ గౌరి ఆ కాలు ఆయనకి మళ్ళీ ఇవ్వలేదు. గిట్ట గీకడానికి నేను అడిగితే ఎత్తేది, ఆయన వంగితే లాక్కునేది. "నామీద నమ్మకం పోయింది దానికి," అని ఒకటి రెండుసార్లు నాతో అన్నాడు, నేల చూస్తూ.

1971లో గౌరి పోయింది. గిట్ట అడుగున మేకు దిగింది. తీశాం, కడిగాం, పసుపు పెట్టాం, పుండు మానింది కూడా. రెండు వారాలకి ఒక పొద్దున దాణా నోట్లో పెట్టుకుని నమలలేక నిలబడింది. చెవులు నిక్కి ఉన్నాయి. తోక కాస్త లేచి ఉంది. నాలుగు కాళ్ళూ దూరంగా చాపి కర్రగుర్రంలా నిలుచుంది. తాత దగ్గరికెళ్ళి గడ్డం కింద చెయ్యి పెట్టి తల కొంచెం ఎత్తాడు. కంటి లోపలి మూలనుంచి తెల్లటి పొర ఒకటి వచ్చి సగం కన్ను కప్పేసింది. "ధనుర్వాతం," అన్నాడు.

అలవాటుగా జబ్బ మీద చెయ్యి వేశాడు. అది రాయిలా ఉంది. చెయ్యి తగలగానే గౌరి ఒళ్ళంతా కొయ్యబారి అదిరింది. ఆ జబ్బులో ముట్టుకోవడమే బాధ, వెలుగు బాధ, చప్పుడు బాధ. ఆయన చెయ్యి తీసేసుకున్నాడు. తన బతుకంతా ఏ చేత్తో వైద్యం చేశాడో ఆ చెయ్యి దానికి హింస అయింది. తలుపుకి గోనెసంచులు కట్టి చీకటి చేశాం. నాయనమ్మ కాలి మట్టెలు తీసి కొంగున కట్టుకుని, చప్పుడు కాకుండా నీళ్ళు పెట్టి వచ్చేది. డాక్టరుగారు వచ్చి చూశారు. సీరం పెద్ద మోతాదులో కావాలన్నారు. తాత రెండు ఊళ్ళు తిరిగాడు, ఎక్కడా లేదన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున పడిపోయింది.

ఆ సీరం ఎక్కణ్ణుంచి వస్తుందో నేను ఉద్యోగంలో చేరాక తెలుసుకున్నాను. 1890లో బెర్లిన్‌లో బెరింగ్, కితసాతో అనే ఇద్దరు, ధనుర్వాతపు విషాన్ని కొంచెం కొంచెంగా ఇచ్చి తట్టుకునేలా చేసిన జంతువు రక్తంలో ఆ విషానికి విరుగుడు పుడుతుందని చూపించారు. ఆ తరవాత దాన్ని పెద్దఎత్తున తయారుచెయ్యడానికి ఎంచుకున్న జంతువు గుర్రం. పాముకాటు మందూ అంతే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంలోంచి తీసిందే మన ఆసుపత్రుల్లో ఉండే మందు. వరికోతల్లో పాము కరిచి ఆ మందుతో బతికి బయటపడ్డ ప్రతి డెల్టా రైతు ఒంట్లోనూ కాసిని గుర్రపు నీళ్ళున్నాయి. గౌరికి కావలసిన మందు ఇంకేదో గుర్రం ఒంట్లో ఎక్కడో ఉంది, మా కొట్టం దాకా రాలేదు.

తాత మళ్ళీ ఒక గుర్రాన్ని కొన్నాడు గానీ ఎక్కువ కాలం తోలలేదు. 1974లో వంతెన మీద రోడ్డు తెరిచారు. రాజమండ్రి బస్సులు నేరుగా ఊళ్ళోకి వచ్చాయి. లాంచీల రేవు పలచబడింది, స్టేషను దగ్గర రిక్షాలు, తరవాత ఆటోలు. వేపచెట్టు కింద సాయిబు తాత కొలిమి ఆరింది.

రెండేళ్ళ తరవాత, 1976లో, మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికా గుర్రాలకి జాక్ మీగర్ అనే ఆయన మాలీషు చేశాడు. ఆ దేశంలో గుర్రాల మర్దనాకి గుర్తింపు వచ్చింది అక్కణ్ణుంచే. ఆ దశాబ్దంలోనే లిండా టెల్లింగ్టన్ జోన్స్ అనే ఆవిడ గుర్రం చెవుల మొదళ్ళ నుంచి చివరిదాకా వేళ్ళతో నిమరడం, చర్మం మీద చిన్న చిన్న సున్నాలు చుట్టడం ఒక పద్ధతిగా నేర్పడం మొదలుపెట్టింది. ఆవిడ తాత కూడా 20వ శతాబ్దం మొదట్లో మాస్కోలో పందెపు గుర్రాలకి శిక్షకుడు. ఇవి చదువుతుంటే నాకు ఒకపక్క సంతోషం, ఒకపక్క గొంతులో ఏదో అడ్డం పడేది. బాగా అలిసిన గుర్రానికి మా తాతా చెవులు నిమిరేవాడు. చెవి మొదలు చల్లగా ఉంటే ఆ రోజు బండి కట్టేవాడు కాదు.

ఈ వైద్యాల గురించి పెద్దమాటలు చాలా వినపడతాయి. అన్నీ నమ్మను. మర్దనాతో జ్వరం పోదు, విరిగిన ఎముక అతకదు, ధనుర్వాతం ఆగదు. అది నా కళ్ళతో చూశాను. కానీ 1993లో క్లాడియా ఫే, ఆవిడ తోటి పరిశోధకురాలు ఫ్రాన్సు కమార్గ్ గుర్రాల మీద చేసిన పని ఒకటుంది. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునే చోటు, మెడ చివర జూలు ముగిసే దగ్గర, మనిషి చేత్తో గోకితే గుండె కొట్టుకునే వేగం తగ్గుతుందని లెక్కగట్టి చూపించారు. ఇంకోచోట గోకితే తగ్గలేదు. తాత చెయ్యి రోజూ మొదలయ్యేది సరిగ్గా ఆ మిట్ట దగ్గరే.

నేను పశువైద్యశాలల్లో కాంపౌండరుగా చేసి 2017లో దిగాను. ఆ నౌకరీలో గుర్రాలు కనిపించింది పాడేరు మన్యంలో చేసిన రెండేళ్ళే. రోడ్డు లేని గూడేలకి అక్కడ ఇంకా గుర్రమే బండి. పసుపు, మిరియాలు, కాఫీ గింజలు దించుతుంది, బియ్యం ఉప్పు ఎక్కిస్తుంది.

మొన్న మాఘంలో పాత స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళి సంతలో ఆగాను. ఒక కుర్రాడు చిన్న నల్లగుర్రం మీద బస్తాలు కడుతున్నాడు. దాని వెన్ను మీద రెండు చోట్ల వెంట్రుక తెల్లబడి ఉంది, ఒక చోట పచ్చిపుండు. అక్కడ వేలు పెట్టకుండానే చర్మం అదిరింది.

"మందేమైనా ఉందా సార్?" అని అడిగాడు.

"ఉంది బాబూ. ముందు బస్తాలు దించు."

వీపు మీద వేసిన గోనె నేరుగా వెన్నెముక మీద మడతపడి ఉంది. దాన్ని తీసి, అక్కడే కొట్టు దగ్గర రెండు ఖాళీ సంచులు అడిగి పుచ్చుకుని, ఎండుగడ్డి కూరి, చేతిమందాన రెండు దిండ్లు చుట్టాం. వెన్నుకి చెరోపక్క ఒక దిండు, మధ్యలో నాలుగు వేళ్ళ సందు. ఎముకని ఏదీ తాకకూడదు. పుండు ఉన్న చోట దిండుకి గుంట చేశాం. పటికనీళ్ళు ఎలా కలపాలో చెప్పాను. ఈ వారం బరువు సగమే వెయ్యమంటే కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు, మిగతా బస్తా తను మోస్తానన్నాడు. జూలు మొదట్లో గోకి చూపించాను. గుర్రం మెడ చాచింది, పై పెదవి ముందుకి సాగి వణికింది. కుర్రాడు నా చెయ్యి తీయించి తన చెయ్యి పెట్టాడు.

బస్తాలు మళ్ళీ ఎక్కించాక ఒకటి తుంటి వైపు జారి ఉంది. ఇద్దరం కలిసి దాన్ని కాస్త ముందుకి జరిపాం.